బెంగళూరు చలిలో ఆకుతోట: పుట్టిన ఎత్తు, వేళ్ళ బలం

బెంగళూరులో స్థిరపడిన మన తెలుగువాళ్ళ ఇళ్ళలో ఒక మాట తరచుగా వినిపిస్తుంది. కోనసీమ పెరళ్ళలో ఎవరూ పట్టించుకోకపోయినా గుబురుగా పెరిగే క్రోటన్లను, అగ్లోనిమాలను, డిఫెన్‌బాకియాలను ఇక్కడికి తెచ్చి పెడితే దీపావళి దాకా కళకళలాడి, సంక్రాంతి నాటికి ఆకుల అంచులు మాడి, కాడలు మెత్తబడి, ఒక్కొక్కటిగా చచ్చిపోతాయని, కాబట్టి ఈ ఊరి చలికి ఉష్ణమండలపు ఆకుమొక్కలు నిలవవని ఆ మాట సారాంశం. ఇందులో సగమే నిజమని, ఆ సగం నిజాన్ని పట్టుకుని పెరటితోటను గులాబీలకూ చామంతులకూ పరిమితం చేసుకోవడం వల్ల చాలా పోగొట్టుకుంటున్నామని నా అభిప్రాయం. ఈ ఊళ్ళో ఆకుతోట ఆరుబయట చక్కగా పెరుగుతుంది. అందుకు మొక్కను ఎంచుకునేటప్పుడే అది పుట్టిన ఎత్తునూ దాని వేరునూ చూడాలి. డిసెంబరు వచ్చాక దానికి చేసే సేవ అంతా వేరుకు చేయాలి. ఆకు అందం ఆ తరువాతి సంగతి.

ముందు ఇక్కడి చలి ఎంతటిదో చూద్దాం. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న ఈ నగరంలో జనవరి రాత్రుల సగటు ఉష్ణోగ్రత 16 డిగ్రీల దగ్గర ఉంటుంది. బాగా చలిగా ఉన్న రాత్రుల్లో 12, 13 డిగ్రీలకు దిగుతుంది. ఇంతవరకూ నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 7.8 డిగ్రీలు, అది కూడా 1884 జనవరి 13 నాటి మాట. అంటే నీరు గడ్డకట్టే చలిని ఇక్కడి మొక్క చూడనే చూడదు. అమెరికా వ్యవసాయ శాఖ మొక్కల ఓర్పును చెప్పడానికి, ఏడాదిలోకెల్లా చల్లని రాత్రి ఉష్ణోగ్రతల సగటును బట్టి మండలాల పట్టిక ఒకటి తయారు చేసింది. ఆ కొలతను మనకు వర్తింపజేస్తే 10 నుంచి 15.6 డిగ్రీల మధ్య ఉండే 12వ మండలంలో పడతాం. అంతకంటే వెచ్చనిది ఆ పట్టికలో ఇంకొక్కటే ఉంది. కాబట్టి విదేశీ విత్తన పట్టికల్లో చలికి ఓర్చేవిగా పేరు పొందిన మొక్కల కోసం మనం వెతకనక్కరలేదు. ముసా బాస్జూ అనే చైనా అరటి దుంప, పైన ఎండుగడ్డి దట్టంగా కప్పితే, సున్నా కంటే పది డిగ్రీలు కిందికి పోయినా బతుకుతుంది. ఇంగ్లండులో అది గొప్ప గుణమే కాని, ఆ గుణంతో యెలహంకలో ఉన్న నాకు పని లేదు.

మరి మొక్కలు ఎందుకు చస్తున్నాయి? ఉష్ణమండలపు మొక్కకు దెబ్బ తగలడానికి మంచు గడ్డకట్టనక్కరలేదు. లోతట్టు అడవుల్లో, ఏడాది పొడుగునా ఇరవై డిగ్రీలకు తగ్గని చోట్ల పుట్టిన జాతుల్లో చాలావాటికి 10, 15 డిగ్రీల మధ్యనే బాధ మొదలవుతుంది. వాటి కణాల పొరలు కొవ్వు పదార్థాలతో తయారవుతాయి. వెచ్చని చోట పుట్టిన మొక్క పొరల్లో సంతృప్త కొవ్వులు ఎక్కువ, చలికి అలవాటుపడిన జాతుల్లో అసంతృప్త కొవ్వులు ఎక్కువ. డిసెంబరు ఉదయం వంటింట్లో పక్కపక్కనే ఉన్న నెయ్యి గిన్నెనూ నువ్వుల నూనె సీసానూ చూసినవారికి ఈ తేడా ఇక వివరించనక్కరలేదు. నెయ్యి పేరుకుని ఉంటుంది, నూనె పారుతూనే ఉంటుంది, దానికి కారణం కూడా అక్షరాలా ఇదే. పొర పేరుకున్న కణం నీటినీ లవణాలనూ సరిగా లోనికి తీసుకోలేదు, లోపల ఉన్నవాటిని పట్టి ఉంచుకోలేదు. అన్నింటికంటే ముందు ఈ ఇబ్బంది పడేది వేరు.

ఇక్కడే మనం పొరపడే చోటు ఉంది. చలి దెబ్బ రాత్రి తగిలినా, అది కంటికి కనిపించేది మధ్యాహ్నం. తెల్లవారుజామున 15 డిగ్రీల దగ్గర గాలి పూర్తిగా తేమతో నిండి ఉన్నదనుకుందాం. కొత్తగా తేమ ఏమీ చేరకుండా అదే గాలి మధ్యాహ్నానికి 27 డిగ్రీలకు వేడెక్కితే, అందులో సాపేక్ష తేమ 48 శాతానికి పడిపోతుంది; ఇది కేవలం భౌతికశాస్త్రపు లెక్క. తెల్లవారేసరికి గాలి అంత నిండుగా లేని రోజుల్లో ఇంకా తక్కువ ఉంటుంది, ఫిబ్రవరి, మార్చి నెలల్లోనైతే మధ్యాహ్నపు తేమ 30 శాతం చుట్టుపక్కలకు చేరుతుంది. ఇప్పుడు ఆ మొక్క పరిస్థితి ఊహించండి. కుండీలోని మట్టి ఇంకా రాత్రి చలి వదలక, వేళ్ళు నీళ్ళు తోడలేని స్థితిలో ఉన్నాయి. పైన పెద్ద ఆకు మాత్రం ఎండలో, పొడి గాలిలో నీటిని పోగొట్టుకుంటూనే ఉంది. వేరు పంపని నీటిని ఆకు తన అంచుల నుంచే కోల్పోతుంది. ఆ అంచు మాడడం చూసి మనం ఎండ ఎక్కువైందనో, నీళ్ళు తక్కువైనాయనో అనుకుని ఇంకో చెంబుడు నీళ్ళు పోస్తాం. అప్పటికే చల్లగా, తడిగా ఉన్న మట్టిలో వేళ్ళకు గాలి ఆడక కుళ్ళు మొదలవుతుంది. సంక్రాంతి నాటికి మెత్తబడే కాడ కథ ఇదే. కాకినాడలోనో విశాఖలోనో జనవరి రాత్రులు కూడా మొత్తం మీద ఇరవై డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటాయి, సముద్రపు తేమ ఉంటుంది. అక్కడ అదే మొక్కకు ఈ రెండు కష్టాల్లో ఒక్కటీ లేదు.

మన ప్రాంతపు మొక్కల ప్రయాణం గురించి కూడా ఇక్కడ కొంత చెప్పాలి. తూర్పు గోదావరి జిల్లాలోని కడియం, కడియపులంక నర్సరీలు దేశమంతటికీ మొక్కలు పంపుతాయి. బెంగళూరు నర్సరీల్లో కనిపించే ఆకుమొక్కల్లో కూడా అక్కడినుంచి లారీల్లో వచ్చేవి చాలా ఉంటాయి. అక్కడి రైతుల పనితనం మీద నాకు ఎంతో గౌరవం. అయితే ఆ మొక్క వేళ్ళ చుట్టూ ఉండేది గోదావరి ఒండ్రుమట్టి. దూరప్రయాణంలో తేమ నిలవడానికి, వేరు కదలకుండా ఉండడానికి ఆ జిగట మట్టిముద్ద అవసరం. కాని దానిని అలాగే తీసుకువచ్చి కొబ్బరిపొట్టు, ఎర్రమట్టి, వర్మీకంపోస్టు కలిపిన మన గుల్ల మట్టిలో దించితే, చుట్టూ ఉన్న మట్టి రెండు రోజుల్లో ఆరిపోతుంది, నడిమి ముద్ద మాత్రం వారం దాకా తడిగా, చల్లగా ఉండిపోతుంది. పైన వేలు పెట్టి చూస్తే పొడిగా తగులుతుంది, మళ్ళీ నీళ్ళు పోస్తాం. అందుకని నాటే ముందు ఆ ముద్దను ఒక బకెట్టు నీళ్ళలో నానబెట్టి, వేళ్ళు తెగకుండా మూడింట రెండువంతుల మట్టిని మెల్లగా కరిగించి తీయడం మంచిది. వానాకాలంలో చేస్తే మొక్క ఈ మార్పును సులువుగా ఓర్చుకుంటుంది. డిసెంబరులో మాత్రం ఆ పని చేయరాదు.

డిసెంబరులో అసలు ఆకుమొక్కలు కొననే కూడదన్నది నా గట్టి నమ్మకం. గణతంత్ర దినోత్సవానికి లాల్‌బాగ్‌లో పుష్ప ప్రదర్శన జరుగుతుంది. ఆ చుట్టుపక్కల, సిద్దాపుర నర్సరీల్లో ఆ రోజుల్లో మొక్కలు కళ్ళు చెదిరేలా ఉంటాయి, కొనాలన్న కోరిక సహజం. కాని మొక్క తన కణాల పొరలను చలికి అనువుగా మార్చుకోగలదు, అందుకు దానికి కొన్ని వారాల గడువు కావాలి. జూన్, జులై నెలల్లో తెచ్చి నాటిన మొక్క నాలుగు నెలలపాటు వేళ్ళు పరుస్తుంది. అక్టోబరు, నవంబరులలో రాత్రులు 20 నుంచి 17కు, 17 నుంచి 15కు మెల్లగా దిగుతుంటే దానితోపాటు తానూ సర్దుకుంటుంది. వెచ్చని నీడవల (షేడ్‌నెట్) కింద పెరిగి, లారీ దిగి, మూడో నాటికే జనవరి రాత్రిలో నిలబడిన మొక్కకు ఆ గడువు లేదు. రెండూ ఒకే జాతి కావచ్చు, ఒకే తల్లి మొక్క నుంచి తీసిన పిలకలు కూడా కావచ్చు. ఫలితం మాత్రం ఒకటి కాదు.

పుట్టిన ఎత్తు విషయానికి వద్దాం. ఉష్ణమండలం అనగానే మన ఊహకు సముద్రతీరం, తేమ, ఉక్కపోత తోస్తాయి. భూమధ్యరేఖకు అటూ ఇటూ ఉన్న కొండలు కూడా ఉష్ణమండలమే. మెక్సికో, గ్వాటెమాల కొండల్లో, ఇథియోపియా పీఠభూమిలో, మన పడమటి కనుమల్లో పుట్టిన జాతులు తరతరాలుగా వెచ్చని పగళ్ళనూ చల్లని రాత్రులనూ ఒకే రోజులో చూస్తూ వచ్చాయి. బెంగళూరు జనవరి సరిగ్గా అటువంటిదే: పగలు 27, 28, రాత్రి 15, 16. ఇందుకు మన వంటింట్లోనే ఒక సాక్ష్యం ఉంది. 1874 నుంచి లాల్‌బాగ్ పర్యవేక్షకుడిగా పనిచేసిన జాన్ కామెరన్ ఈ ఊరికి పరిచయం చేసిన మొక్కల్లో, మనం బెంగళూరు వంకాయ అని వండుకునే తీగ ఒకటి. దాని పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికాల కొండ ప్రాంతం. నేలలో దానికి దుంపలాంటి వేరు ఉంటుంది. ఎత్తూ సరిపోయింది, వేరూ ఉంది, ఆ తీగ ఈ ఊరి పేరునే తన పేరుగా చేసుకునేంతగా ఇక్కడ స్థిరపడింది. ఆ కూరగాయకు వర్తించిన సూత్రమే ఆకుమొక్కకూ వర్తిస్తుంది.

వేరు ఎందుకు ముఖ్యమో చల్లని దేశాల తోటమాలులు మనకంటే ముందే గ్రహించారు. 1864లో లండన్ బ్యాటర్సీ పార్కులో జాన్ గిబ్సన్ ఉష్ణమండలపు ఆకుమొక్కలతో ఒక తోట వేశాడు. యువకుడిగా ఉన్నప్పుడు మన దేశానికి వచ్చి మొక్కలు సేకరించుకుని వెళ్ళినవాడు అతను. అరటిజాతులు, మెట్టతామరలు ఆరుబయట వేసవి అంతా నిలబడడం చూసి జనం ఆశ్చర్యపోయారు. శీతాకాలం రాగానే అటువంటి తోటల్లో చేసే పని, మెట్టతామర దుంపలను తవ్వి తీసి, పొడిగా, మంచు తగలని చోట దాచి, వసంతంలో మళ్ళీ నాటడం. అంటే వాళ్ళు కాపాడుకునేది దుంపను, ఆకును కాదు. ఆకును ఏటా వదులుకోవడానికి వాళ్ళు సిద్ధపడ్డారు. మనకు దుంపను తవ్వవలసిన అవసరం లేదు, నేలలోనే క్షేమంగా ఉంటుంది. కాని ఆకును వదులుకోవడానికి మాత్రం మనసు ఒప్పదు. పన్నెండు నెలలూ పచ్చగా ఉండాలన్న పట్టుదలతో, విశ్రాంతికి సిద్ధమవుతున్న చేమకు డిసెంబరులో నీళ్ళూ ఎరువూ పెట్టి చంపుకునేవాళ్ళే ఎక్కువ.

ఇక నేను నమ్మే మొక్కల గురించి. వీటిలో నాకు అన్నింటికంటే ఇష్టమైనది పడమటి కనుమల రాతి వాలుల మీద సహజంగా పెరిగే అడవి అరటి, శాస్త్రీయ నామం ఎన్సెట్ సుపర్బమ్. వాన పడగానే మట్టికుండలా ఉబ్బిన మొదలు నుంచి మనిషిని దాటే ఆకులు చాచి, కొన్ని నెలల్లోనే పెరటికి అడవి రూపు తెస్తుంది. వానలు పోయి నేల ఆరగానే ఆకులన్నీ రాల్చి, ఆ ఉబ్బిన మొదలుతోనే వేసవి దాకా గడుపుతుంది. మామూలు అరటిలా పిలకలు పెట్టదు, నల్లని గట్టి గింజలే ఆధారం. ఒక్కసారి పూసి కాసి చనిపోతుంది, అందుకు చాలా ఏళ్ళు తీసుకుంటుంది. బెంగళూరు చలికాలం దానికి కష్టకాలం కాదు, ఎలాగూ నిద్రపోయే కాలం. ఎర్రమట్టి, రాళ్ళు, వాలు ఉన్న చోటు దొరికితే ఇంతకంటే తగిన పెద్దాకు మొక్క మన నగరానికి లేదని నా నిశ్చితాభిప్రాయం. అయినా నర్సరీల్లో ఇది అరుదు. దూరదేశపు అరటి రకాలు మాత్రం వేల రూపాయలకు అమ్ముడుపోతుంటాయి. ఈ సంగతి నన్ను నిజంగా బాధపెడుతుంది.

చేమ సంగతి అందరికీ తెలుసు కాబట్టి ఎక్కువ చెప్పను. తినే చేమకూ, నర్సరీలో నల్లని ఆకులతో, ఊదా కాడలతో అమ్మే రకాలకూ స్వభావం ఒక్కటే. మా అమ్మ అమలాపురం వైపు నుంచి పంపిన కూర దుంపలు మా గోడ పక్కన వేసినవి ఏటా జనవరిలో నేలకు ఒరిగి, తొలకరికి లేస్తాయి. కందకు లేని దురద కత్తిపీటకెందుకని సామెతలో చెప్పే ఆ దురదకు కారణమైన కాల్షియం ఆక్సలేట్ సూదులు చేమా కందా చేరే ఈ కుటుంబంలోని ఆకుమొక్కలన్నింటిలోనూ ఉంటాయి కనుక, పాకే పిల్లలున్న ఇంట్లో వాటిని అందకుండా పెట్టడం అవసరం. రంగురంగుల ఆకుల కలాడియం కూడా ఇదే కుటుంబమైనా దాని దుంప ఇంకా సుకుమారం. 15 డిగ్రీల కంటే చల్లని తడిమట్టిలో కుళ్ళుతుంది. ఆకు వాలగానే కుండీతో సహా ఇంటి లోపలికి తెచ్చి, నీళ్ళు మానేసి, ఉగాది దాటాక మళ్ళీ బయట పెట్టాలి.

అల్లాన్నీ దాని దగ్గరి చుట్టాలనూ మనవాళ్ళు తోటమొక్కలుగా తగినంత గుర్తించలేదనిపిస్తుంది. తూర్పు హిమాలయాల పాదాల నుంచి వచ్చిన తెల్లపూల హెడీకియం, మన అడవుల చెంగల్వకోష్టు, వంటకూ మందుకూ వాడే దుంపరాష్ట్రకం, ఇవన్నీ నేలలో అడ్డంగా పాకే దుంపలతో బతుకుతాయి. చలికి పైభాగం పసుపుబారినా కింద ఏమీ కాదు. మామిడి చెట్టు కింద, తూర్పు ఎండ మాత్రమే పడే చోట వీటిని గుంపుగా నాటితే వానాకాలం సాయంత్రాలు హెడీకియం వాసన వీధి మలుపు దాకా వస్తుంది. వాగుల పక్కన, చెరువు గట్ల మీద మాత్రం దానిని వదలకూడదు. తడి నేల దొరికితే అది మిగతా మొక్కలను తోసేస్తుంది.

ఏడాది పొడుగునా ఆకు ఉండాలనేవారికి నా సలహా దక్షిణ బ్రెజిల్ నుంచి వచ్చిన, నర్సరీలో సెలోమ్ అని పిలిచే మొక్క. ఫిలోడెండ్రాన్ల నుంచి వేరుచేసి శాస్త్రజ్ఞులు ఇప్పుడు థామటోఫిల్లమ్ అంటున్నారు. కొద్దిపాటి మంచుకు సైతం ఓర్చే జాతి ఇది, బెంగళూరు రాత్రి దానికి లెక్కే కాదు. దీని పూగుత్తి తనలో నిలవ ఉన్న కొవ్వును మండించి, చుట్టూ గాలి నాలుగైదు డిగ్రీలకు దిగినా తాను దాదాపు 40 డిగ్రీల వేడిని నిలుపుకోగలదు. మొక్కల్లో ఇటువంటి శక్తి ఉంటుందని మొదటిసారి తెలిసినప్పుడు కలిగిన ఆశ్చర్యం నాకు ఇప్పటికీ తగ్గలేదు. దీనికి స్థలం మాత్రం చాలా కావాలి. రెండు మీటర్ల వెడల్పు ఇవ్వలేనివారు మెక్సికో నుంచి పనామా దాకా పెరిగే మాన్‌స్టెరాను చెట్టు మీదికి ఎక్కించుకోవచ్చు. ఇంటికి ఉత్తరం వైపు, ఎండే పడని సందులో ఏమీ పెరగదనుకునే చోట జపాను నుంచి వచ్చిన ఆస్పిడిస్ట్రా నిలుస్తుంది. పెరుగుదల మహా నెమ్మది, అదొక్కటే దాని లోపం.

ఒకే జాతిలోనూ రకానికీ రకానికీ తేడా ఉంటుంది. అగ్లోనిమాల్లో వెండిరంగు ఎక్కువగా ఉండే సిల్వర్ క్వీన్ 13 డిగ్రీల దగ్గరే మచ్చలు పడుతుంది, ముదురాకుపచ్చ మారియా రకం అంతకంటే ఎంతో చల్లని రాత్రులకు కూడా చెక్కుచెదరదు. ఎరుపు, గులాబీ రంగు అగ్లోనిమాలు కావాలనుకునేవారు వాటిని ఇంటి లోపలే పెంచడం మంచిది.

చోటు గురించి ఒక మాట. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని లంబసింగి ఎత్తు వెయ్యి మీటర్ల చిల్లర, బెంగళూరుతో పోలిస్తే పెద్ద తేడా లేదు. అయినా అక్కడ డిసెంబరు, జనవరిలలో ఉష్ణోగ్రత 5 డిగ్రీల కిందికి పోతూ ఉంటుంది. నిర్మలమైన రాత్రుల్లో నేల తన వేడిని ఆకాశంలోకి వదిలి చల్లబడుతుంది, ఆ చల్లని బరువైన గాలి కొండవాలుల వెంట జారి లోయలో చేరి నిలిచిపోతుంది. బెంగళూరు నడిబొడ్డు మిట్ట మీద ఉంది కాబట్టి చల్లగాలి పక్కలకు జారిపోతుంది; పైగా సిమెంటు, తారు పగటి వేడిని దాచి రాత్రి వదులుతాయి. శివార్లలో, పాత చెరువుల పల్లపు నేలల్లో కట్టిన కాలనీల్లో రాత్రి చలి ఎక్కువ. ఒక ఇంటి ఆవరణలో కూడా ఇదే సూత్రం పనిచేస్తుంది. ఆకాశం నేరుగా కనిపించే చోట ఉన్న ఆకు, చుట్టూ ఉన్న గాలి కంటే మరో రెండు మూడు డిగ్రీలు చల్లబడగలదు. చెట్టు కొమ్మలో, నీడవలో, సన్‌షేడో పైన అడ్డుగా ఉంటే ఆ నష్టం చాలావరకు తప్పుతుంది. నీడవలను మనం ఎండకోసమే వేసుకుని దసరాకు తీసేస్తాం; నా లెక్కన అది డిసెంబరు రాత్రులకే ఎక్కువ అవసరం.

మిద్దెతోట ఉన్నవారికి కష్టం మరింత. నేలలో జానెడు లోతుకు వెళితే ఉష్ణోగ్రత పగటికీ రాత్రికీ పెద్దగా మారదు, వేళ్ళకు అది పెద్ద రక్ష. మిద్దె మీది కుండీలో మట్టికి ఆ రక్ష లేదు, గాలితోపాటే చల్లబడుతుంది. కుండీలను విడివిడిగా పిట్టగోడ వెంట పేర్చే బదులు, మెట్లగది పడమటి గోడకు ఆనించి దగ్గరదగ్గరగా పెడితే, ఆ గోడ సాయంత్రపు ఎండను పట్టి రాత్రి మెల్లగా వదులుతుంది, కుండీలు ఒకదానికొకటి అడ్డు నిలుస్తాయి. చిన్న కుండీలు పది పెట్టుకోవడం కంటే పెద్ద తొట్లు మూడు పెట్టుకోవడం మేలు.

నా వాదనకు రెండు వైపుల నుంచి అభ్యంతరాలు వస్తాయి. కొండల్లో పుట్టినవే ఎంచుకోవాలంటే కొలంబియా మంచుమేఘాల అడవుల్లో పుట్టిన పొడవాకుల ఆంథూరియంలు ఇక్కడ ఎందుకు నిలవవని, చలినీ తేమనీ పరికరాలతో అదుపుచేసి గదిలో పెంచేవారు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. ఆ మొక్కలకు చల్లదనంతోపాటు ఎడతెగని తేమ కావాలి. మన మార్చి నెల వాటిని చంపుతుంది, జనవరి కాదు. ట్రీ ఫెర్న్‌లు కూనూరు సిమ్స్ పార్కులో హాయిగా పెరిగి ఇక్కడ ఎండిపోవడానికీ కారణం అదే. అందుకనే ఎత్తు ఒక్కటే చూస్తే చాలదు, పొడి నెలలను దాటించే వేరో, దుంపో, బలిసిన కాండమో కూడా ఉండాలంటున్నాను. గదిలో పెంచేవారి శ్రద్ధను నేను తక్కువ చేయను, కాని కరెంటు పోతే బతకని మొక్కను తోట అనడానికి నాకు మనసు రాదు. రెండో వైపు, స్థానిక జాతులు తప్ప మరేవీ నాటకూడదనే మిత్రులున్నారు. వాళ్ళ ఆందోళనలో నిజముంది; అలంకారానికి తెచ్చిన లంటానా మన అడవులను ఏం చేసిందో అందరం చూస్తున్నాం. నేను పైన చెప్పినవాటిలో అడవి అరటి, చేమ, హెడీకియం, చెంగల్వకోష్టు మన దేశపువే. మిగతావి పెరటి గోడ దాటి పాకే రకాలు కావు.

చలికాలపు సేవ గురించి నాకు బాగా తెలియజెప్పినది సిద్దాపుర దగ్గర తరతరాలుగా నర్సరీ నడిపే కుటుంబంలోని ఒక పెద్దాయన. "అమ్మా, కార్తీకం దాటినాక ఎరువు ముట్టుకోవద్దండి. నీళ్ళు కూడా ఎండెక్కినాకనే పొయ్యండి, పొద్దున్నే టాంకీలో నీళ్ళు మంచు మాదిరి ఉంటాయి" అన్నాడాయన. ఈ రెండు మాటలకూ గట్టి కారణాలున్నాయి. నవంబరులో వేసిన నత్రజని లేత చిగుళ్ళను తెప్పిస్తుంది, చలికి అన్నింటికంటే ముందు దెబ్బతినేవి అవే. సెప్టెంబరు చివరలోనే పశువుల ఎరువు, వేపపిండి ఆఖరిసారి వేసి, కాస్త సల్ఫేట్ ఆఫ్ పొటాష్ ఇస్తే కాండం గట్టిపడుతుంది. ట్యాంకు నీరు రాత్రంతా చల్లబడి ఉంటుంది కనుక పదింటి తరువాత, మట్టి కొంచెం వెచ్చబడ్డాక పోస్తే వేరు తీసుకోగలదు. సాయంత్రం పోసిన నీరు మాత్రం రాత్రంతా వేరు చుట్టూ చల్లగా నిలుస్తుంది. ఎంత పోయాలన్నది వాతావరణం చెబుతుంది, ఆకు వాల్చే జాతులకైతే దాదాపు మానేయవచ్చు. మొదలు చుట్టూ నాలుగు వేళ్ళ మందాన ఎండుటాకులు పరచాలి, కాండానికి తగలకుండా కొద్దిగా ఎడం ఉంచి.

చివరిగా కత్తెర విషయం. సంక్రాంతికి ఇల్లు శుభ్రం చేసే ఉత్సాహంలో తోటలోని ఎండిన ఆకులన్నీ కోసి భోగిమంటకు చేర్చడం మన అలవాటు. అరటికీ, అల్లం జాతులకూ, మెట్టతామరకూ ఆ ఎండిన ఆకులే కాండానికీ కొత్త మొలకకూ కప్పు. ఎండుతున్న ఆకులోని పోషకాలు కొంత దుంపకు తిరిగి చేరుతూ ఉంటాయి కాబట్టి, సగం పసుపుగా ఉన్న ఆకును కోయడం మరీ నష్టం. పూర్తిగా ఎండి చేతితో లాగితే వచ్చేదాకా ఆగి, మహాశివరాత్రి దాటి రాత్రులు 18 డిగ్రీలకు పైబడ్డాక కోయాలి. కోసినవాటిని అక్కడే మొక్క మొదట్లో పరిస్తే మార్చి, ఏప్రిల్ నెలల్లో నేల తేమ ఆరకుండా ఉంటుంది. కుళ్ళు వాసన వచ్చే మెత్తని కాడలు మాత్రం ఇందుకు మినహాయింపు. వాటిని కనిపించిన రోజే కోసి, కోసిన చోట కాస్త పసుపో బూడిదో అద్ది, తోటకు దూరంగా పారేయాలి.